నరముల వ్యాధి - వ్యాయామ చికిత్స
(తుమ్మలపల్లె గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ప్రసంగము)



ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మన యూరికి చేయుచున్న మేలును గూర్చి నాకు ముందు మాటలాడిన పెద్దలు చక్కగా సెలవిచ్చిరి. దానినే మరల చెప్పి మీ కాలమును హరింపను. కార్యవర్గమువారు నన్ను భారతమును గూర్చియో, మనుచరిత్రమును గూర్చియో నాలుగు మాటలు చెప్పుమని కోరిరి. నేను వారి యనుమతితో వేరొక విషయమును ఎన్నుకొంటిని. అది ఒక వ్యాధిని గూర్చినది. శుభకార్యమున రోగపు మాట యేల యని కొందరికి తోచవచ్చును. తెలియని సంగతిని తెలియజేయుటకే గదా గ్రంథాలయము వెలసినది. ఈ వ్యాధి విషయమున తెలియకపోవుటవలన కలుగు నష్టము వ్యాధివలన కలుగు నష్టమునకు తీసిపోదు. అందుచేత ఈ వేదికయే దీనికి తగినదని భావించితిని.

నేను వైద్యుడను గాను. లెక్కలు వ్రాసికొని బ్రదుకువాడను. చెప్పబోవునది వైద్యులు వ్రాసినవానిని చదివి, తెలిసినవారి నడిగి, సరిచూచుకొన్న సంగతియే గాని నా కల్పన కాదు.

ఈ వ్యాధి పేరు మల్టిపుల్ స్క్లెరోసిస్. వైద్యులు పొట్టిగా ఎం.ఎస్. అందురు. స్క్లెరోసిస్ అనగా గట్టిపడుట. మల్టిపుల్ అనగా పలుచోట్ల. మెదడునందును వెన్నుపామునందును అక్కడక్కడ మచ్చలుపడి గట్టిపడుటచేత ఈ పేరు వచ్చినది.

మన తోటలలో అందరు నెరిగిన వస్తువుతో పోల్చి చెప్పెదను. బోరులోనికి దింపిన మోటారుకు స్టార్టరు పెట్టెనుండి తీగ పోవును గదా. లోపల రాగి యుండును, పైన తొడుగు ఉండును. తొడుగు చెడినచో, రాగి తెగకపోయినను కరెంటు సరిగా అందదు. మోటారు ఒకమారు తిరుగును, ఒకమారు మూలుగును, ఒకమారు నిలిచిపోవును. రైతు మోటారే చెడినదని తలచి దానిని పైకి లాగించును. తీరా చూచిన మోటారునందు దోషముండదు. మన నరములకును అట్టి తొడుగు కలదు. దానిని మైలిన్ అందురు. మెదడు పంపిన ఆజ్ఞ కాలికిని చేతికిని త్వరగా చేరుటకు ఈ తొడుగే ఆధారము. శరీరమును రోగములనుండి కాపాడవలసిన రక్షకశక్తియే, కావలివాడు ఇంటివారిమీదనే కఱ్ఱ యెత్తినట్లు, ఈ తొడుగుపైబడి దానిని కొరికివేయును. అదియే ఎం.ఎస్.

తొడుగు ఎచట చెడిన అచటికి తగిన బాధ పుట్టును. ఒకరికి కన్ను మసకలు కమ్మును. ఒకరికి ఒకటి రెండుగా కనిపించును. కాళ్లకు తిమ్మిరి పట్టును, బిగిసిపోవును, నడక తూలును. మూత్రమును ఆపుకొనుట కష్టమగును. అన్నిటిని మించి అలసట. కొందరికి ఈ లక్షణములు కొన్ని దినములో కొన్ని వారములో ఉండి, తగ్గి, మరల కొంతకాలమునకు తిరుగబెట్టును. మరికొందరికి మెల్లమెల్లగా పెరుగుచునే పోవును. సాధారణముగా ఇరువది యేండ్లకును నలువది యేండ్లకును నడుమ, అనగా సంసారభారము నెత్తికెత్తుకొను ప్రాయమున, ఇది కనబడును. పురుషులకంటె స్త్రీలకు రెండింతలు వచ్చును. 2020లో వేసిన లెక్క ప్రకారము ప్రపంచమున దాదాపు 28 లక్షలమంది దీనితో జీవించుచుండిరి. ఒకప్పుడు ఇది చలిదేశములవారి జబ్బనియు, మనదేశమున అరుదనియు అనుకొనెడివారు. ఎం.ఆర్.ఐ. యంత్రములును నరముల వైద్యులును పెరిగిన కొలది, ఇది మనలోను కలదని తేలినది. ఇది అంటువ్యాధి కాదు. పూర్వజన్మ పాపము కాదు. గాలి సోకుట కాదు. మతిభ్రమ అంతకంటె కాదు.

ఇక చికిత్స చరిత్రకు వచ్చెదను. ఇంగ్లండు రాజు మూడవ జార్జికి మనుమడు ఒకడుండెను, అగస్టస్ డెస్టీ యనువాడు. 1822లో, తన యిరువది యెనిమిదవ యేట, స్కాట్లండున ఒక బంధువుని అంత్యక్రియలలో పాల్గొన్న పిదప అతని చూపు మందగించినది. కొన్ని దినములకు తిరిగి వచ్చినది. నాటినుండి తన శరీరమునకు కలిగిన ప్రతి మార్పును అతడు దినచర్య పుస్తకమున వ్రాసియుంచెను. చూపు పోవుట, రెండుగా కనబడుట, కాళ్లు పట్టుతప్పుట, చేతికఱ్ఱ, పిదప చక్రముల కుర్చీ, ఇట్లు ఇరువదియేండ్లకు పైబడిన పద్దు అది. 1848లో అతడు చనిపోయెను. తన జబ్బు పేరేమో తెలియకయే పోయెను, ఏలయన అప్పటికి ఆ జబ్బునకు పేరే లేదు. మరి యిరువదియేండ్లకు, 1868లో, పారిస్ నగరపు సాల్పెట్రియేర్ ఆసుపత్రిలోని షార్కో అను వైద్యుడు ఈ వ్యాధి లక్షణములను, మరణానంతరము మెదడున కనబడు మచ్చలను జతపరచి దీనిని ప్రత్యేక వ్యాధిగా వివరించెను.

1890లో జర్మనీ దేశపు కంటివైద్యుడు ఊట్‌హాఫ్ ఒక వింతను గమనించెను. ఈ వ్యాధి గల కొందరు శ్రమచేసినంతనే చూపు మసకబారుచుండెను. విశ్రాంతి తీసికొన్న మరల తేటపడుచుండెను. అతడు చూచినది సత్యమే. కాని దానినుండి లోకము గ్రహించిన నీతి మాత్రము తప్పైనది. శ్రమ ఈ రోగులకు కీడు చేయునని తలచి, వైద్యులు తరతరములుగా వారిని కదలవద్దనిరి, మెట్లెక్కవద్దనిరి, శక్తిని పొదుపు చేసికొనుమనిరి. దాదాపు నూరేండ్లు ఈ సలహా చెల్లినది.

నిజమునకు చూపును మసకపరచినది శ్రమ కాదు, వేడి. తొడుగు చెడిన నరములో, శరీరపు వేడి కొంచెము పెరిగినను వార్త నడుమ నిలిచిపోవును. వేడి తగ్గినంతనే మరల సాగును. జ్వరము వచ్చినను, వేడినీళ్ల స్నానము చేసినను, ఎండలో నిలిచినను అట్లే జరుగును. ఎం.ఆర్.ఐ. రాకమునుపు రోగిని వేడినీటి తొట్టిలో కూర్చుండబెట్టి, లక్షణములు పెరిగినవా లేదా యని చూచి వ్యాధిని నిర్ణయించు పద్ధతియు ఉండెడిది. ఆ మసక తాత్కాలికమైనదే గాని, దానివలన నరమునకు క్రొత్తగా చేటు కలుగదు. శ్రమను వేడినుండి వేరుచేసి చూడకపోవుటచేతనే నూరేండ్ల పొరపాటు నడచినది.

లెక్కలవాడను గనుక నాకు తోచిన విధముగా చెప్పెదను. ఈ రోగి పద్దులో నష్టములు రెండు రకములు. ఒకటి వ్యాధి తీసికొన్నది. రెండవది పడక తీసికొన్నది. తొడుగు చెడుటవలన కాలికి ఆజ్ఞ అందకపోవుట మొదటిది. కదలనందున కండ కరగుట, ఎముక పలుచబడుట, గుండెబలము తగ్గుట, కీళ్లు ముడుచుకొనిపోవుట, మలబద్ధము, ఒరిపిడికి పుండ్లు పడుట, నిద్ర చెడుట, మనసు కుంగుట, ఇవన్నియు రెండవవి. ఈ రెంటిని కలిపి ఒకే కాలమున వ్రాసి, అంతయు రోగము ఖాతాలో వేసి, దేవునిదే భారమనుట మన వాడుక. వేరువేరుగా వ్రాసి చూచిన, రెండవ కాలములోని దానిలో చాలభాగము తిరిగి వసూలు కాదగినది. దానిని వసూలుచేయు ఉపాయమే వ్యాయామ చికిత్స.

ఇది నోటిమాట కాదు. 1996లో అమెరికాదేశపు యూటా విశ్వవిద్యాలయమువారు, పెటాజన్ అను వైద్యుని ఆధ్వర్యమున, 54 మంది ఎం.ఎస్. రోగులను రెండు జట్లుగా చేసి పరిశీలించిరి. ఒక జట్టువారు 15 వారములపాటు, వారమునకు మూడు దినములు, దినమునకు 40 నిమిషములు, చేతులతోను కాళ్లతోను త్రొక్కు నిలుకడ సైకిలుపై వ్యాయామము చేసిరి. రెండవ జట్టువారు ఎప్పటివలెనే ఉండిరి. వ్యాయామము చేసినవారికి గుండెబలము, కండబలము పెరిగినవి; మనసు తేటపడినది; మలమూత్రముల అదుపు సహితము మెరుగైనది. ఇది వెలువడిన పిదప పరిశోధనలు పెక్కు జరిగినవి. అలసటపై వ్యాయామపు ప్రభావమును గూర్చి జరిగిన 45 పరిశోధనలను 2015లో కొందరు పండితులు ఒకచోట చేర్చి పరిశీలించిరి. వానిలో పాల్గొన్నవారు 2250 మంది. వ్యాయామమువలన అలసట కొంత తగ్గుననియు, వ్యాధి తిరుగబెట్టుట దానివలన పెరుగుచున్నదనుటకు ఆధారము లేదనియు వారు తేల్చిరి.

ఎంత చేయవలెనన్న ప్రశ్నకును సమాధానము కలదు. స్వల్పముగానో మధ్యమముగానో అశక్తత గలవారు వారమునకు రెండు దినములు, దినమునకు కనీసము 30 నిమిషములు గుండెకు పనిచెప్పు వ్యాయామమును, రెండు దినములు కండబలము పెంచు వ్యాయామమును చేయవలెనని 2013లో కెనడా దేశమువారు నియమము ఏర్పరచిరి. 2020లో అమెరికాలోని ఎం.ఎస్. సంఘమువారు, శక్తిననుసరించి మెల్లగా పెంచుకొనుచు వారమునకు 150 నిమిషముల కదలికను లక్ష్యముగా నుంచుకొనవలెననియు, నడువలేనివారికిని తగిన కదలిక కలదనియు చెప్పిరి.

ఒక మాట స్పష్టముగా చెప్పవలసియున్నది. వ్యాయామము ఈ వ్యాధిని మాన్పదు. పోయిన తొడుగును అది తెచ్చిపెట్టునని నమ్మి మందులు మానుట ప్రమాదకరము. వ్యాధిని అదుపులో నుంచుటకు నేడు మంచి మందులు వచ్చినవి. వానిని నరముల వైద్యుడు చెప్పినట్లు వాడవలెను. మందు వ్యాధితో పోరాడును. వ్యాయామము పడకతో పోరాడును. ఒకటి రెండవదానికి బదులు గాదు.

మన ప్రాచీనులేమనిరని మీరడుగవచ్చును. సుశ్రుతుడు తన బలములో సగము మేరకే వ్యాయామము చేయవలెననియు, నోట ఊపిరి తీయవలసి వచ్చుట ఆ సగమునకు గుర్తనియు చెప్పెను. వాగ్భటుడు అష్టాంగహృదయమున, బలవంతులు సహితము సగము శక్తితోడనే, అదియు చలికాలమునను వసంతమునను చేయవలెననియు, తక్కిన ఋతువులలో మందముగా చేయవలెననియు వ్రాసెను. చూడుడు, వేడిని ఎరిగి వ్రాసిన మాట అది. ఐతే ఆ వాగ్భటుడే వాతపిత్తరోగములు గలవారు వ్యాయామమును విడువవలెననియు అనెను. మనకు నచ్చిన వాక్యము నొకదానిని తీసికొని, నచ్చనిదానిని దాచి, అంతయు మన శాస్త్రములలో నున్నదే యనుట పండితులకు తగదు. వారు ఎం.ఎస్. అను వ్యాధిని గూర్చి వ్రాయలేదు. కాని సగము బలము, చల్లని వేళ అను రెండు సూత్రములు నేటి వైద్యులు చెప్పుదానికి సరిపోవుచున్నవి. వ్యాయామము చేయునపుడు మాటలాడగలుగవలెను గాని పాటపాడజాలకుండవలెను. అదియే తగిన మోతాదని నేటివారందురు.

మరియొక కథ మీకు తెలిసినదే. ఆదిపర్వమున అర్జునుడు రాత్రి భుజించుచుండగా గాలికి దీపమారినది. చీకటిలోను చేయి నోటికే పోయినది. అభ్యాసము కంటికి అందనిదానిని సహితము చేతికి నేర్పునని గ్రహించి, అతడు నాటినుండి చీకటిలో విలువిద్య సాధనచేసెను. మెదడును అట్టిదే. ఒక దారి చెడినపుడు, పదేపదే చేసిన అభ్యాసముచేత అది కొన్ని పనులకు వేరుదారిని వెదకికొనగలదు. అభ్యాసము లేనిచో ఉన్న దారియు పూడిపోవును.

ఇచట నా మేనకోడలి సంగతి ఆమె యనుమతితో చెప్పుచున్నాను. ఆమె ఒక పాఠశాలలో ఉపాధ్యాయిని. ముప్పదియొకటవ యేట ఎడమకాలు తిమ్మిరెక్కి, తూలి, తరగతి గదిలో పడిపోయెను. ఏడాది తిరిగిన పిమ్మట గాని ఇది ఎం.ఎస్. అని తేలలేదు. ఆ ఏడాదియు అత్తవారింట ఆమెకు దక్కిన పేరు సోమరి. ఉదయమున బిందె మోసినదే మధ్యాహ్నమునకు గరిటె పట్టలేనన్న ఎవరు నమ్ముదురు? వ్యాధి పేరు తెలిసిన పిదప వారే పశ్చాత్తాపపడి, ప్రేమతో మంచము దిగనీయకుండ చూచిరి. ఒక వైద్యుడును విశ్రాంతియే మందనెను. రెండేండ్లు అట్లు గడచినవి. సోమరియన్నపుడు పోగొట్టుకొన్నదానికంటె, ప్రేమతో పరుండబెట్టినపుడు పోగొట్టుకొన్నదే ఎక్కువ. తుదకు ఒక ఫిజియోథెరపిస్టు ఇంటికి వచ్చి, మొదటి దినమున ఆమెచేత చేయించినది ఇంతే: మంచముపై కాళ్లు క్రిందికి వేసి కూర్చుండి, కిటికీ కమ్మి పట్టుకొని, ఐదుమారులు లేచి నిలుచుట. ఆ ఐదు పది యగుటకు నెల పట్టినది. నేడు ఆమె చేతికఱ్ఱతో పాఠశాలకు పోవుచున్నది. ఎడమకాలు ఇప్పటికిని ఈడ్చుచునే యున్నది. నడుమ ఒకమారు వ్యాధి తిరుగబెట్టినది కూడ. అయినను తన జీతము తాను తెచ్చుకొనుచున్నది, తన జడ తాను అల్లుకొనుచున్నది. ఈ రెంటిలో ఏది గొప్పదని ఆమెనడిగిన, జడయే యనును.

ఇట్టివారికి శిక్షణయిచ్చు విద్య మనకు దూరమైనది కాదు. మన జిల్లావారు పెద్ద జబ్బు చేసిన వెల్లూరునకు పోవుట వాడుక. అచటి క్రైస్తవ వైద్యకళాశాలలో మేరీ వర్గీసు అను వైద్యురాలు ఉండెడిది. 1954లో కారు ప్రమాదమున ఆమె రెండుకాళ్లు చచ్చుబడినవి. ఆమెది ఎం.ఎస్. కాదు, వెన్నుపాము గాయము. చక్రముల కుర్చీలో కూర్చుండియే కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసి, పిదప న్యూయార్కు నగరమున పునరావాస వైద్యము నభ్యసించి తిరిగివచ్చెను. ఆమె కృషి ఫలముగా 1966లో వెల్లూరున పునరావాస కేంద్రము వెలసినది. పోయిన అవయవమును గూర్చి ఏడ్చుట మాని, మిగిలినదానితో ఎంతవరకు బ్రదుకవచ్చునో నేర్పుటయే ఆ వైద్యపు సారము. తిరుపతిలోని స్విమ్స్‌లోను, హైదరాబాదులోని నిమ్స్‌లోను నరముల వైద్యులు కలరు. ఎం.ఎస్. రోగులకు తోడుగా 1985లో ఏర్పడిన భారత మల్టిపుల్ స్క్లెరోసిస్ సంఘము కలదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఈ వ్యాధిని పేరుపెట్టి చెప్పినది. ఆ చట్టము ప్రకారము వైద్యులు నూటికి 40 పాళ్లు గాని, అంతకు మించి గాని అశక్తత కలదని ధ్రువపరచినవారికి ప్రత్యేక సౌకర్యములు కలవు. పత్రము లేదని, తెలియదని వానిని వదలుకొనవద్దు. దరఖాస్తు వ్రాయుట రానివారు నాయొద్దకు రండు, నేను వ్రాసియిచ్చెదను.

ఇక ఇంటియొద్ద చేయదగినదేమి? మొట్టమొదట నరముల వైద్యుని అనుమతి, వీలైన ఒక్కమారైనను ఫిజియోథెరపిస్టు పరీక్ష అవసరము. ఎవరి బలహీనత ఎచట ఉన్నదో వారు చూచి చెప్పవలెను. తరువాత సాధారణముగా చెప్పునవి ఇవి.

కండబలమునకు, కుర్చీపైనుండియో అరుగుపైనుండియో లేచి నిలిచి మరల కూర్చుండుట; గోడ పట్టుకొని మడమలెత్తుట; లీటరు నీళ్ల సీసాను చేతబట్టి మోచేయి వంచి చాచుట. బిగిసిన కాళ్లకు, గోడకు చేతులాన్చి, ఒక కాలు వెనుకకు చాచి, మడమ నేలకానించి, పిక్క సాగునట్లు అరనిమిషము నిలుచుట, కుదుపరాదు. గుండెబలమునకు నడక. పదినిమిషములు ఒక్కబిగిని నడచుటకంటె, ఐదు నిమిషములు నడచి, కూర్చుండి, మరల ఐదు నిమిషములు నడచుట మేలు. తూలుడునకు, గోడప్రక్కన, మనిషిని దగ్గర నుంచుకొని, పాదములు చేర్చి నిలుచు సాధన, ఒంటరిగా చేయరాదు. నిలువలేనివారు కూర్చుండియే చేతులను, నడుమును ఆడించవచ్చును. మంచము దిగలేనివారి కీళ్లను ఇంటివారే దినము మెల్లగా వంచి చాచుచుండవలెను. ఒకేప్రక్క పరుండకుండ రెండుగంటల కొకమారు ఒత్తిగిలజేయవలెను. కుర్చీపై కూర్చుండి చేయదగిన యోగాసనములును కొందరికి మేలుచేయును.

మన కడప జిల్లా ఎండలు మీకు క్రొత్తగా చెప్పవలసినవి కావు. వేసవిలో 40 డిగ్రీలు దాటుట మనకు సామాన్యము. ఈ రోగికి ఆ ఎండయే ప్రధాన శత్రువు. కావున వేకువనే, ప్రొద్దు పొడువకమునుపే, వ్యాయామము ముగియవలెను. లేదా ఇంటిలోపల పంకా క్రింద చేయవలెను. మెడచుట్టు తడిపిన తువాలు వేసికొని, చల్లని నీటిని గుటకగుటకగా త్రాగుచు చేసినచో చాలసేపు చేయగలుగుదురు. ముందుగా చన్నీటి స్నానము చేయుటయు మంచిదే. చేయుచుండగా చూపు మసకబారినను, కాలు బరువెక్కినను భయపడవద్దు. ఆగి, చల్లబడి, కూర్చుండవలెను. గంటలో సర్దుకొన్న అది వేడివలన కలిగినదే. మరునాటి యుదయమునకును అలసట తీరకున్న మోతాదు ఎక్కువైనదని తెలిసికొని తగ్గించవలెను. క్రొత్త లక్షణము ఏదైన పుట్టి, 24 గంటలు దాటియు తగ్గకున్న, వ్యాయామము నిలిపి వైద్యునియొద్దకు పోవలెను. జ్వరమున్న దినమున చేయరాదు.

ఇంకొక ముఖ్యమైన మాట. ఈ రోగికి దినమునకు దొరకు శక్తి పరిమితమైనది. ఆ కొంచెము శక్తియు నీళ్లు మోయుటకును, గుడ్డలుతుకుటకును చెల్లిపోయిన, వ్యాయామమునకు మిగులునదేమి? ఇంటిపని చేయుచున్నది గదా, వేరే వ్యాయామమేల యని కొందరందురు. పని అలయించును, క్రమమైన వ్యాయామము మోతాదు ప్రకారము బలమును పెంచును. కనుక ఆమె వ్యాయామము చేయు అరగంటయు ఇంటిలో మరెవరో ఒకరు ఆమె పని నందుకొనవలెను. ఆ మరెవరో భర్తయైనచో నష్టమేమియు లేదు. అన్నమునకు ఎసరు పెట్టినందున మగవాని గౌరవము తగ్గినట్లు నేను చదివిన ఏ గ్రంథమునను లేదు. నలమహారాజును భీమసేనుడును వంటలో దిట్టలే.

కావున నేను ఈ సభవారిని కోరునవి మూడు. తూలుచు నడచువారిని త్రాగియున్నాడని నవ్వవద్దు, అలసితినన్న ఆడుబిడ్డను సోమరి యనవద్దు, వైద్యునికి చూపించుడు. వ్యాధి తెలిసినవారిని ప్రేమతో మంచమునకు కట్టివేయవద్దు, చేయూతయిచ్చి లేపుడు. ఇవి రెండును మీ యిండ్లలో చేయవలసినవి.

మూడవది ఈ గ్రంథాలయము చేయవలసినది. మన గ్రంథాలయమునకు ఐదు మెట్లు కలవు. ఒకప్రక్కనైనను పట్టుకొనుటకు కమ్మి లేదు. ఎం.ఎస్. రోగియే కానక్కరలేదు, పక్షవాతము వచ్చినవారు, మోకాళ్ల నొప్పులవారు, పోలియో కాలివారు, వయస్సు మళ్లినవారు ఈ మెట్ల క్రిందనే నిలిచి, లోపలినుండి ఎవరైన పుస్తకము తెచ్చియిత్తురాయని ఎదురుచూచుట నేను పలుమారులు చూచితిని. రజతోత్సవ నిధిలో స్వాగతద్వారమునకు కొంత సొమ్ము కేటాయించిరని వింటిని. ద్వారము అందమైనదే. కాని లోపలికి రాలేనివానికి స్వాగతము చెప్పు ద్వారమెందుకు? ఆ సొమ్ముతో ముందుగా మెట్లకు ఇరుప్రక్కల ఇనుపకమ్ములును, ప్రక్కన చక్రముల కుర్చీ ఎక్కదగిన ఏటవాలు దారియు కట్టించుడని కార్యవర్గమువారిని వేడుకొనుచున్నాను. వేసవి నెలలలో తలుపులు వేకువ ఆరుగంటలకే తెరచినచో, చల్లని వేళ నడకకు బయలుదేరినవారు ఇచట కొంతసేపు కూర్చుండి, పత్రిక చదివి, మరల నడచి యింటికి పోగలరు. వారికి వ్యాయామమునకు వ్యాయామము, చదువునకు చదువు. గ్రంథపాలకునికి ఆ గంటకు తగిన వేతనము నిచ్చుటకు ఎంతయగునో లెక్కవేసి తెచ్చితిని. ఏడాదికి స్వాగతద్వారపు వెలలో నాలుగవ వంతైనను కాదు. ఆ కాగితమును అధ్యక్షులవారికి సమర్పించుచున్నాను.